పిల్లలకు రెండంతస్తుల మంచం: దిక్కు ముందా, ఎత్తు ముందా?

ఆహారం, నిద్ర, బ్రహ్మచర్యం అనే మూడూ శరీరాన్ని నిలబెట్టే ఉపస్తంభాలని చరకసంహిత సూత్రస్థానం చెబుతున్నది. ఈ మూడింటిలో ఎదిగే పిల్లల విషయంలో ఎక్కువగా ఉపేక్షకు గురయ్యేది నిద్ర. 6 నుండి 12 సంవత్సరాల వయస్సు గల పిల్లలకు రోజుకు 9 నుండి 12 గంటల నిద్ర అవసరమని నేటి వైద్యశాస్త్రం కూడా అంగీకరించింది. అటువంటి నిద్రకు ఆధారమైన మంచాన్ని గురించి ఇటీవల నా వద్దకు వచ్చే తల్లిదండ్రులు తరచుగా ఒక ప్రశ్న వేస్తున్నారు. "డాక్టరుగారూ, ఇద్దరు పిల్లలకూ కలిపి రెండంతస్తుల మంచం కొనదలచినాము. ఫెంగ్‌షుయి ప్రకారం తల ఎటు ఉండాలి?" అని.

నా సమాధానం ముందే మనవి చేస్తాను. తల ఎటు అనేది రెండవ ప్రశ్న. పై మంచం ఎంత ఎత్తున ఉన్నది, దేనికి దగ్గరగా ఉన్నది, దానిపై ఎవరు పడుకుంటారు అనేవి మొదటి ప్రశ్నలు. వీటికి జవాబు దొరకకుండా దిక్కు ఒక్కటే సరిచూసుకొని తృప్తి పడరాదు.

ఈ మంచం మన ఇండ్లలోకి ఎందుకు వచ్చింది?

నిజామాబాద్, బోధన్ ప్రాంతాలలో నా తరం వారి బాల్యమంతా ఆరుబయట నులక మంచాల మీద గడిచింది. ఎండాకాలం వాకిట్లో నీళ్లు చల్లి, మంచాలు వరుసగా వేసి, పిల్లలందరినీ పడుకోబెట్టేవారు. ఇప్పుడు వాకిళ్లు పోయి అపార్టుమెంట్లు వచ్చినవి. పది అడుగుల గదిలో ఇద్దరు పిల్లలు, వారి బల్లలు, పుస్తకాలు, బట్టల బీరువా ఇమడవలెను. కనుక మంచం మీద మంచం వేయడం అవసరంగా మారింది. దీనిలో తప్పు లేదు. అయితే మన పొలాలలో మంచె అని ఒకటి ఉన్నది. జొన్న చేనిలో మంచె ఎక్కినవాడు మేలుకొని కాపలా కాస్తాడు. మంచం నిద్రపోయేవాని కోసం. నిద్రపోయే పిల్లవానిని మంచె ఎత్తున పడుకోబెడుతున్నప్పుడు, మేలుకొన్నవాడు తనంతట తాను తీసుకొనే జాగ్రత్తలన్నీ మంచమే తీసుకొనవలెను.

ఫెంగ్‌షుయి చెప్పేది ఏమిటి?

చీనా భాషలో ఫెంగ్ అనగా గాలి, షుయి అనగా నీరు. ఇండ్లకూ, సమాధులకూ అనువైన స్థలాన్ని నిర్ణయించడానికి పుట్టిన పురాతన విద్య ఇది. ఆ శాస్త్రజ్ఞులు పడకను గురించి చెప్పే ముఖ్య నియమాలు ఇవి. తలవైపు గట్టి గోడ ఉండవలెను. మంచం మీది నుండి తలుపు కనిపించవలెను గాని, మంచం తలుపుకు సూటిగా ఉండరాదు. మంచం పైన దూలం ఉండరాదు. అద్దం మంచానికి ఎదురుగా ఉండరాదు. మంచం కింద సామాను కుక్కరాదు.

రెండంతస్తుల మంచాన్ని వారిలో చాలామంది మెచ్చుకోరు. కింద పడుకున్న బిడ్డకు పై మంచమే ఒక దూలం వలె మీద వేలాడుతుందనీ, పైన పడుకున్న బిడ్డను కప్పు అణచివేస్తుందనీ వారి అభిప్రాయం. ప్రాణశక్తి ప్రవాహం అనే వారి పరిభాషను పక్కన పెట్టి చూచినా, గాలి ఆడనిచోట, మీద ఏదో వాలుతున్నట్లు ఉండేచోట బిడ్డకు నిద్ర పట్టదనే అనుభవం అందులో ఉన్నది. దూలం కింద పడుకోరాదని మన వాస్తు పెద్దలూ చెప్పినారు.

చరకుని కుమారాగారం

గురుకులంలో మేము శారీరస్థానం ఎనిమిదవ అధ్యాయం వల్లె వేసేటప్పుడు, బిడ్డ ఉండే గదిని గురించిన భాగం వద్ద మా గురువుగారు ప్రత్యేకంగా ఆగేవారు. కుమారాగారాన్ని వాస్తువిద్యలో కుశలుడైనవాడు నిర్మించవలెనని చరకసంహిత స్పష్టంగా చెప్పింది. అయితే ఆ గదికి ఉండవలసిన లక్షణాలను చూడండి. అది రమ్యంగా ఉండవలెను, చీకటిగా ఉండరాదు. ఈదురుగాలి తగలరాదు, కాని ఒకవైపు నుండి గాలి ఆడవలెను. దృఢంగా ఉండవలెను. ఎలుకలు, పురుగులు, కరిచే జంతువులు చేరరాదు. ఋతువును బట్టి పడక, పరుపు మార్చవలెను. బిడ్డ ఆటవస్తువులు తేలికగా, మొన లేకుండా, నోట పట్టనంత పెద్దవిగా, ప్రాణహాని కలిగించనివిగా, భయపెట్టనివిగా ఉండవలెను.

వెలుతురు, గాలి, దృఢత్వం, శుభ్రత, అభయం: ఈ అయిదింటినీ చూచే వాస్తువునే చరకుడు అడిగినాడు. మీరు కొనే మంచాన్ని కూడా ఈ అయిదు పరీక్షలకు నిలబెట్టవలెను.

తల ఏ దిక్కుకు?

శస్త్రచికిత్స పొందిన రోగి పడకను తూర్పు తలాపిగా వేయవలెనని సుశ్రుతసంహిత చెప్పింది. తూర్పుకు గాని దక్షిణానికి గాని తల పెట్టి నిద్రించవలెనని, పడమర, ఉత్తరాలు తగవని విష్ణుపురాణం చెప్పింది. భూమి అయస్కాంతశక్తి రక్తంలోని ఇనుమును లాగుతుందని కొందరు దీనికి కారణం చెబుతారు. రక్తంలోని ఇనుము సూదంటురాయికి అతుక్కునే మేకు వంటిది కాదు. ఆ కారణం నిలువదు. ఆచారంగా పాటించేవారు నిస్సందేహంగా తూర్పు, దక్షిణ దిక్కులను పాటించవచ్చును. నష్టమేమీ లేదు.

మన జిల్లాకు సంబంధించినంతవరకు నేను చూచే దిక్కు వేరొకటి ఉన్నది. ఎండాకాలంలో పడమటి గోడ మధ్యాహ్నమంతా ఎండను త్రాగి, రాత్రి దానిని గదిలోకి వదులుతుంది. అర్ధరాత్రి ఆ గోడ మీద అరచేయి ఆనించి చూడండి. వెచ్చగా తగిలితే మంచాన్ని దానికి దూరంగా వేయండి. తలాపి కోసం కిటికీని మూయవలసి వస్తే తలాపి నియమాన్ని వదులుకోండి, కిటికీని వదులుకోవద్దు.

పై మంచం: వేడి

వేడిగాలి పైకి పోతుంది. దానికి తోడు చివరి అంతస్తు ఇండ్లలో పగలంతా కాగిన స్లాబు రాత్రి పొద్దుపోయేదాకా సెగ కక్కుతూనే ఉంటుంది. గ్రీష్మంలో శరీరబలం సహజంగానే క్షీణిస్తుంది. అందుకే ఆ ఒక్క ఋతువులో పగటినిద్రను సైతం శాస్త్రం అనుమతించింది.

నిరుడు మే నెలలో బోధన్ వైపు నుండి ఒక దంపతులు తొమ్మిదేండ్ల కుమారుని వెంటబెట్టుకొని వచ్చారు. రాత్రి నిద్ర లేదు, ఉదయం తలనొప్పి, కళ్లమంట, చదువు మీద చిరాకు. ఎవరో చెప్పగా మంచం దిక్కు అప్పటికే రెండు పర్యాయాలు మార్చినారు. కిటికీకి చిరుగంటలు కూడా కట్టినారు. విచారించగా, పిల్లవాడు పడుకునే పై పరుపునకు స్లాబునకు మధ్య దూరం మూడడుగులే. పైన మరో అంతస్తు లేదు. మందుకు ముందు, వారం రోజులు పిల్లవానిని నేలపై చాప, పలుచని బొంత వేసి పడుకోబెట్టమన్నాను. నాలుగవ రోజుకే నిద్ర కుదిరింది. తలనొప్పికి మందు ఇవ్వవలసిన అవసరం రాలేదు. మన ప్రాంతంలో ఏప్రిల్, మే నెలలలో పై మంచాన్ని ఖాళీగా ఉంచి, ఆ బిడ్డకు కింద పడక వేయడం ఉత్తమం. ఋతువును బట్టి పడక మార్చమన్న చరకుని మాటకు ఇదే అర్థం.

పై మంచం: ఫ్యాను

ఇది అన్నిటికన్నా ముఖ్యం. పై పరుపు నేల నుండి సుమారు 5 అడుగుల ఎత్తున ఉంటుంది. దాని మీద 4 అడుగుల పిల్లవాడు లేచి నిలబడితే తల 9 అడుగులకు చేరుతుంది. 10 అడుగుల స్లాబు కింద ఫ్యాను రెక్కలు తిరిగేది దాదాపు ఆ ఎత్తులోనే.

దూరం కూడా లెక్కించి చూడండి. గది 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు అనుకొందాము. ఫ్యాను నడిమధ్యన ఉన్నది. 48 అంగుళాల ఫ్యాను రెక్క మధ్య నుండి 2 అడుగుల దూరం తిరుగుతుంది. పొడవు గోడ నుండి గది మధ్యకు 5 అడుగులు. ఆ గోడకు ఆనించిన మంచం వెడల్పు 3 అడుగులు. 5లో 3, 2 పోగా మిగిలేది సున్న. రెక్క కొన సరిగ్గా మంచం అంచుకు వస్తుంది. మంచాన్ని పొట్టి గోడకు ఆనిస్తే మిగిలేది ఒక్క అడుగు. పిల్లవాని చేయి అంతకన్నా పొడవు. కనుక అటువంటి గదిలో రెండంతస్తుల మంచం వేయదలచినవారు సీలింగు ఫ్యానును తీసివేయించి, జాలీ ఉన్న గోడ ఫ్యానును పిల్లల చేతికి అందనంత దూరంలో పెట్టించుకొనవలెను. ఇది వీలుకాకపోతే ఆ మంచం ఆ గదికి తగదు.

ఎవరు పైన, ఎవరు కింద?

ఆరేండ్లు నిండని బిడ్డను పైన పడుకోబెట్టరాదు. నిద్రలో నడిచే అలవాటు, మూర్ఛలు, పక్క తడిపే అలవాటు, చీకటి భయం ఉన్న పిల్లలు కిందనే పడుకొనవలెను. చీకటి భయం ఉన్న బిడ్డను "పిరికివాడు" అని ఎగతాళి చేసి పైకి ఎక్కించరాదు. బిడ్డను భయపెట్టరాదని, రాక్షసుల పేర్లు చెప్పి బెదిరించరాదని చరకుడు ప్రత్యేకంగా హెచ్చరించినాడు.

ఆయాసం, తుమ్ములు, ఎలర్జీ ఉన్న పిల్లల విషయం కొంత చిక్కు. పైవాడు కదిలినప్పుడల్లా పై పరుపు ధూళి కింది వాని ముఖం మీద రాలుతుంది. ఆ బిడ్డకు కింది మంచం మంచిది కాదు. వయస్సు చాలకపోతే పై మంచం కూడా తగదు. వేరే పడక వేయడమే మార్గం.

కొనేటప్పుడు పరీక్షించవలసినవి

అమెరికా ప్రభుత్వం 1999లో ఈ మంచాలకు నిబంధనలు చేసింది. ఆ కొలతలు మన వడ్రంగికి కూడా పనికివస్తాయి. పై మంచానికి గోడవైపు సహా రెండు వైపులా కటకటాలు ఉండవలెను. కటకటాల ఎత్తు పరుపు పైభాగం నుండి కనీసం 5 అంగుళాలు ఉండవలెను. పరుపు మందమైతే కటకటాలు పొట్టివవుతాయి. కనుక పరుపు వేసిన తరువాతనే కొలవవలెను. పై మంచం కటకటాలలోని సందులు మూడున్నర అంగుళాలకు మించరాదు. సందు పెద్దదైతే బిడ్డ శరీరం జారిపోయి తల ఇరుక్కుంటుంది. గొంతు నొక్కుకొనే ప్రమాదం ఉన్నది.

పై మంచాన్ని చేత్తో గట్టిగా ఊపి చూడండి. కిర్రుమంటే బోల్టులు బిగించవలెను. నెలకు ఒకసారి ఈ పరీక్ష చేయవలెను. నిచ్చెన మెట్లు వెడల్పుగా, కదలకుండా ఉండవలెను. పై కమ్మీకి చీర ఉయ్యాల, తాడు, చున్నీ కట్టనీయరాదు. ఇవి పిల్లల మెడకు ఉరి కాగలవు.

నిజాంసాగర్, శ్రీరాంసాగర్ కాలువల కింద వరి పండే ప్రాంతం మనది. దోమతెర తప్పదు. రెండు మంచాలకూ కలిపి ఒకే తెర వేస్తే గాలి ఆడదు, పైకి ఎక్కే బిడ్డ కాలికి చుట్టుకుంటుంది. కింద ఒకటి, పైన ఒకటి వేరుగా కట్టి, అంచులు పరుపు కిందికి దోపవలెను.

పరుపు శుద్ధి, నిద్రకు ఉపచారాలు

చెమట, మురికి, పురుగులు పట్టిన పడకను వదలివేయమని, వేరొకటి లేకపోతే ఉతికి, ధూపం వేసి, ఆరబెట్టి వాడమని శాస్త్రం. ధూపానికి యవలు, ఆవాలు, అవిసెలు, ఇంగువ, మహిసాక్షి, వస వంటివి చెప్పబడినవి. నేటి ఇరుకు గదులలో నేను ఎండనే ఎక్కువగా సూచిస్తాను. పదిహేను రోజులకు ఒకసారి పరుపులను మండుటెండలో తిరగవేయండి. ధూపం వేస్తే పిల్లలు లేనప్పుడు వేసి, పొగ పూర్తిగా పోయిన తరువాతనే లోపలికి రానీయండి.

నిద్రకు అరగంట ముందు గోరువెచ్చని పాలు, పాదాలకు నువ్వులనూనె మర్దన పిల్లలకు హితం. పై మంచం ఎక్కే బిడ్డకు మాత్రం మర్దన తరువాత పాదాలను పొడిబట్టతో శుభ్రంగా తుడవవలెను. నూనె కాలు నిచ్చెన మెట్టు మీద జారుతుంది.

ఒకవేళ పడితే

బిడ్డ పై నుండి పడి స్పృహ తప్పినా, మళ్లీ మళ్లీ వాంతి చేసుకున్నా, మత్తుగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా, చెవి లేక ముక్కు నుండి రక్తం గాని నీరు గాని కారినా, మెడ నొప్పి అన్నా, కాలుచేతులు బలహీనపడినా ఇంటి వైద్యంతో కాలహరణం చేయరాదు. మెడను కదపకుండా ఉంచి 108కి ఫోను చేసి ఆస్పత్రికి చేర్చవలెను. పైకి బాగానే కనిపించే బిడ్డను కూడా ఒక రోజంతా కనిపెట్టి ఉండవలెను. మన జిల్లాలో ప్రతి ఇంటా మంచి పసుపు ఉంటుంది. అది తలపై గీరుకుపోయిన చర్మానికి పనికివస్తుంది గాని, తల లోపలి గాయానికి పనికిరాదు.