ఏ గ్రూపు తీసుకోవాలి? పని చూపించే చదువుల గురించి కొన్ని మాటలు

మా చెల్లెలు ఈ ఏడాది పదో తరగతి. పోయిన నెల సెలవులకు ఇంటికి పోతే అక్కడ ఒకటే మాట: "ప్లస్ వన్‌లో ఏ గ్రూపు?" మా ఇంట్లో అమ్మతో తెలుగు, నాన్నతో తమిళం. కాబట్టి వాదన కూడా రెండు భాషల్లో జరిగింది. బడిలో ఒక టీచరు చెల్లెలితో, "లెక్కల్లో నీకు మార్కులు తక్కువ, ఒకేషనల్‌కు పో" అన్నారట. అది ఇంటికొచ్చి ఏడ్చింది. నాన్న "కష్టపడితే ఫస్ట్ గ్రూపే దొరుకుతుంది" అన్నారు. అమ్మేమో "చేతిలో ఒక పని ఉంటే ఆడపిల్లకు ధైర్యం కదా" అనింది.

అంతవరకూ ఊరికే కూర్చున్న మా పిన్ని అప్పుడు నోరు తెరిచింది. "నేనూ ఒకేషనలే చదివినాను. టెక్స్‌టైల్స్, డ్రెస్ డిజైనింగ్. ఈ పొద్దు నా టైలరింగ్ అంగడి నడుస్తా ఉండేది ఆ చదువుతోనే. కానీ నాకు బి.ఎస్సీ చదవాలని ఆశ ఉండేది. అప్లికేషన్ పట్టుకొని పోతే, నువ్వు కెమిస్ట్రీ చదవలేదు కదమ్మా అని తిరిగి పంపినారు. ప్లస్ వన్‌లో చేరేటప్పుడు ఆ మాట ఎవరూ చెప్పలేదు."

ఆ చదువు పిన్నికి బతుకు ఇచ్చింది, అదే చదువు ఆమెకు ఒక తలుపు మూసింది. రెండూ నిజమే. మరి తప్పు వృత్తి చదువుదా, దాన్ని ఇచ్చే పద్ధతిదా? కాలేజీకి తిరిగి వచ్చినాక దీని గురించి చదివినాను. తెలుసుకున్నది మీ అందరికీ చెప్పాలని ఈ నాలుగు ముక్కలు.

ఈ చిక్కు ఎప్పటిది?

ఇది మనకొక్కరికే వచ్చిన చిక్కు కాదు. అమెరికాలో నూరేళ్ల ముందే వచ్చింది. 1917లో అక్కడ స్మిత్-హ్యూస్ చట్టం చేశారు. ప్రభుత్వ బడుల్లో వ్యవసాయం, చేతిపనులు, గృహ విజ్ఞానం నేర్పడానికి కేంద్రం నుంచి డబ్బు ఇచ్చే చట్టం అది. ఉద్దేశం మంచిదే. కానీ పోనుపోను బడి రెండు ముక్కలైంది. కాలేజీకి పోయేవాళ్లు ఒక వైపు, పనికి పోయేవాళ్లు ఇంకో వైపు. పేదపిల్లలు, నల్లజాతి పిల్లలు, వలస వచ్చినవాళ్ల పిల్లలు ఎక్కువగా ఈ రెండో వైపు చేరారు. ఆడపిల్లల వంతుకు వంట, కుట్టు, టైపింగ్ వచ్చాయి. "నీకు చదువు రాదు, పని నేర్చుకో" అనే మాట మా చెల్లెలికి కొత్తగానీ, ప్రపంచానికి చాలా పాతది.

ఫిలడెల్ఫియాలో మొదలైంది

1969లో ఫిలడెల్ఫియా నగరంలోని థామస్ ఎడిసన్ హైస్కూల్లో ఒక కొత్త ప్రయత్నం మొదలైంది. పిల్లలు మధ్యలో బడి మానేయకుండా ఆపాలని ఆ ఊరి కరెంటు కంపెనీ తోడు తీసుకొని, కరెంటు పని ముఖ్యాంశంగా ఒక చిన్న విభాగం పెట్టారు. దీన్నే మొదటి కెరీర్ అకాడమీ అంటారు. 1981లో కాలిఫోర్నియాలో రెండు బడులు ఈ దారి పట్టాయి. కొన్నాళ్లకు ఆ రాష్ట్ర ప్రభుత్వమే ఇలాంటి వాటికి డబ్బు ఇవ్వసాగింది. ఇప్పుడు అక్కడ దీని పెద్ద రూపాన్ని లింక్డ్ లెర్నింగ్ అంటున్నారు. అంటే చదువునూ పనినీ ముడివేసి నేర్పడం.

ఇది పాత వృత్తి చదువుకు ఎట్లా వేరు? పెద్ద హైస్కూలు లోపలే ఒక చిన్న బడి ఉన్నట్టు అనుకోండి. కొందరు పిల్లలు, వాళ్లకు మూడు నాలుగేళ్లు అదే టీచర్ల జట్టు. అందరినీ కలిపే ఒక అంశం ఉంటుంది: ఆరోగ్యం, బ్యాంకింగ్, వ్యవసాయం, మీడియా, ఇట్లా ఏదో ఒకటి. కాలేజీకి కావలసిన లెక్కలు, సైన్సు, భాష ఏవీ తీసేయరు. వాటినే ఆ అంశంతో కలిపి చెబుతారు.

ఉదాహరణకు ఆరోగ్యం తీసుకుందాం. బయాలజీలో రక్తం ఎట్లా తిరుగుతుందో చెబుతారు. అదే వారం లెక్కల క్లాసులో, పిల్లవాడి బరువును బట్టి మందు ఎంత ఇవ్వాలో నిష్పత్తి కట్టమంటారు. ఇంగ్లీషు క్లాసులో, చదువు అంతగా రాని రోగికి అర్థమయ్యేలా ఆ మందు ఎట్లా వేసుకోవాలో రాయమంటారు. సెలవుల్లో కొన్ని వారాలు ఆస్పత్రిలో పని చూస్తారు. చివరికి ఆ పిల్ల నర్సు కావచ్చు, డాక్టరు కావచ్చు, లేదా "నాకు ఆస్పత్రి పడదు" అని తెలుసుకొని చరిత్ర చదవవచ్చు. మూడింటికీ దారి ఉంటుంది. అసలు విషయం అదే.

ఇది చదువుతుంటే నాకు చెల్లెలే గుర్తొచ్చింది. లెక్కల్లో మార్కులు రాని ఆ పిల్లే, పిన్ని అంగడిలో ఒక తానులో ఎన్ని రవికలు వస్తాయో, ఎంత ముక్క మిగులుతుందో నోటిలెక్కలో చెప్పేస్తుంది. దానికి లెక్కలు రావని ఎట్లా అనేది?

నిజంగా లాభం ఉందా?

మాటలు బాగానే ఉన్నాయి, ఫలితం ఏమిటి అని అడగాలి కదా. ఎం.డి.ఆర్.సి. అనే పరిశోధన సంస్థ 1993లో దీన్ని పరీక్షించడం మొదలుపెట్టింది. తొమ్మిది హైస్కూళ్లు, 1,700కు పైగా పిల్లలు. సీట్ల కంటే అడిగినవాళ్లు ఎక్కువ కాబట్టి లాటరీ వేశారు. లాటరీలో సీటు వచ్చినవాళ్లను, రానివాళ్లను ఏళ్ల తరబడి గమనించారు. బడి ముగిసి ఎనిమిదేళ్లు గడిచిన తరవాతి లెక్కలు 2008లో వచ్చాయి.

సీటు వచ్చినవాళ్ల సంపాదన సగటున 11 శాతం ఎక్కువ. బడి తరవాత ఏదో ఒక పై చదువు పూర్తిచేసినవాళ్లు రెండు గుంపుల్లోనూ దాదాపు సగం మంది. అంటే పని నేర్చుకున్నందువల్ల పై చదువు దెబ్బతినలేదు. ఇది పెద్ద మాట. అయితే పై చదువు పెరగనూ లేదు, అది కూడా చెప్పాలి.

ఇక మనం, ఆడపిల్లలం, ఆగి చదవాల్సిన సంగతి ఒకటుంది. ఆ సంపాదన పెరుగుదల ఎక్కువగా మగపిల్లలకే వచ్చింది. వాళ్లకు 17 శాతం పెరిగింది. ఆడపిల్లల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఇది చూసి నాకు బాధ వేసింది. దారి వేస్తే చాలదు, ఆ దారి ఎక్కడికి పోతుందో, అక్కడ జీతం ఎంతో కూడా చూడాలి అని అర్థమైంది. మా ఊరి వైపు బడుల్లో చూడండి. మెకానిక్ గ్రూపులో మగపిల్లలు, కుట్టు, ఆఫీసు పని గ్రూపుల్లో ఆడపిల్లలు. ఎవరూ రూలు పెట్టలేదు, అయినా అట్లాగే నడుస్తోంది.

మన దగ్గర

తమిళనాడులో ప్లస్ టూ పద్ధతి వచ్చిన 1978 నుంచే ఒకేషనల్ గ్రూపులు ఉన్నాయి. దేశం మొత్తానికి 1986 విద్యావిధానం ఒక లక్ష్యం పెట్టుకొనింది: 1995 కల్లా ప్లస్ టూ పిల్లల్లో 25 శాతం వృత్తి చదువుల్లో ఉండాలని. అది అందలేదు. 2020 విధానం 2025 కల్లా కనీసం 50 శాతం మందికి వృత్తి చదువు పరిచయం కావాలని రాసుకొనింది. అంకెలు రాయడం సులభం. పిన్ని లాంటివాళ్లకు తలుపు తెరిచి ఉంచడమే కష్టం.

ఆ తలుపు తెరవడానికి ఒక ఉదాహరణ మన తెలుగు రాష్ట్రాల్లో ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఇంటర్ ఒకేషనల్ చదివేవాళ్లకు బ్రిడ్జి కోర్సు ఉంది. కావలసిన సైన్సు పాఠాలు అదనంగా చదివి పాసైతే సైన్సు డిగ్రీల వైపు పోవచ్చు. పేరు సరిగ్గానే పెట్టారు, అది వంతెనే. కాకపోతే రెండు చదువుల బరువూ ఆ పిల్లే మోయాలి. కెరీర్ అకాడమీలో అయితే రెండూ మొదటినుంచి ఒకే దారిలో కలిసి ఉంటాయి.

అడగవలసిన ప్రశ్నలు

మీ ఇళ్లల్లోనూ పదో తరగతి తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉంటారు. ఏ గ్రూపు అయినా సరే, సంతకం పెట్టే ముందు ఇవి అడగమని చెప్పండి:

1. ఈ గ్రూపు చదివితే ఏ డిగ్రీల్లో చేరవచ్చు, ఏవాటిలో చేరలేము?
2. ప్రాక్టికల్ బడి గదిలోనేనా, నిజంగా పని జరిగే చోట కూడానా? ఎన్ని రోజులు?
3. నేర్పడానికి టీచరు ఉన్నారా, ఆ పోస్టు ఖాళీగా ఉందా?
4. ఇంతకుముందు ఇదే గ్రూపు చదివిన అక్కలు ఇప్పుడు ఏం చేస్తున్నారు? ఎంత సంపాదిస్తున్నారు?
5. మధ్యలో మనసు మారితే వేరే దారికి పోవచ్చా?

"నీకు మార్కులు లేవు, అందుకే" అనేది వీటిలో దేనికీ జవాబు కాదు.

చెల్లెలు ఇంకా ఏదీ తేల్చుకోలేదు. ఫారం నింపే రోజు అంగడి మూసి తనూ బడికి వస్తానని పిన్ని అనింది. నేను ఫోనులో చెబుతుంటే ఈ అయిదు ప్రశ్నలనూ చెల్లెలే లెక్కల నోటు వెనక పేజీలో రాసుకుంది. మొదటిదాని పక్కన "పిన్ని అడుగుతుంది" అని పెట్టుకుందట.