కేబుల్ మారిస్తే పాట మారుతుందా? చెవికీ మీటర్‌కీ మధ్య గొడవ

ఆడియో పిచ్చి ఉన్నవాళ్ళు ఇద్దరు ఒకచోట కూర్చుంటే ఒక గొడవ గ్యారంటీ. ఒకరు "కొత్త కేబుల్ వేశాక సౌండ్ మారింది, నా చెవులతో నేను విన్నాను" అంటారు. ఇంకొకరు "మీటర్‌లో తేడా లేదు కదప్పా, అంతా నీ భ్రమ" అంటారు. మొదటివాళ్ళని సబ్జెక్టివిస్టులు అంటారు, రెండోవాళ్ళని ఆబ్జెక్టివిస్టులు అంటారు.

ఊరికే మాటల గొడవైతే నేను ఎపిసోడ్ చేసేవాణ్ణి కాదు. మధ్యలో డబ్బుంది. ధర్మవరంలో నాకు తెలిసిన ఒకన్న మగ్గం నేస్తాడు, పాటలంటే ప్రాణం. దాచుకున్న డబ్బులో 18,000 రూపాయలు పెట్టి ఒక స్పీకర్ కేబుల్ కొందామనుకున్నాడు. "ఏమంటావ్?" అని నన్నడిగాడు. నేను ఆయన పట్టుచీరనే ఉదాహరణగా తీసుకున్నా.

చీర కొనేటప్పుడు రెండు ప్రశ్నలుంటాయి. ఇది అసలు పట్టేనా? ఒక పోగు కాల్చితే తెలిసిపోతుంది. అసలు పట్టయితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ళ మధ్య నలిగిపోతుంది. రెండో ప్రశ్న, ఈ రంగు, ఈ అంచు అమ్మకి నచ్చుతాయా? దానికి అగ్గిపుల్ల పనికిరాదు. ఆడియోలో కూడా అంతే. "తేడా ఉందా?" అనేది ఒక ప్రశ్న, "నచ్చిందా?" అనేది వేరే ప్రశ్న. రెండూ కలిపేస్తాం కాబట్టే గొడవ తెగదు.

ముందు మొదటి ప్రశ్న చూద్దాం. సీడీ 1982లో మార్కెట్‌లోకి వచ్చింది. అందులో శబ్దాన్ని సెకనుకి 44,100 సార్లు కొలిచి దాస్తారు. అలా కొలిస్తే సుమారు 22,000 హెర్ట్జ్ దాకా పట్టుకోవచ్చు. మనిషి చెవికి పైహద్దు దాదాపు 20,000 హెర్ట్జ్, వయసు పెరిగేకొద్దీ అదీ తగ్గిపోతుంది. మరి "హై రిజల్యూషన్" ఫైల్ ఇంకా బాగుంటుందా? 2007లో మేయర్, మోరన్ అనే ఇద్దరు అమెరికాలో పరీక్షించారు. హై రిజల్యూషన్ సౌండ్‌ని ఒకసారి నేరుగా, ఒకసారి సీడీ స్థాయికి దించి, ఏది ఏదో చెప్పకుండా వినిపించారు. 554 ప్రయత్నాల్లో 276 సరైన జవాబులు వచ్చాయి. అంటే బొమ్మా బొరుసా వేసినట్టే.

మరి తేడా విన్నామనేవాళ్ళు అబద్ధం చెప్తున్నారా? కాదు. 1994లో ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ అనే పరిశోధకులు అవే స్పీకర్లని కళ్ళకి కనబడేలా ఒకసారి, తెర వెనక దాచి ఒకసారి వినిపించారు. కనబడినప్పుడు ఇచ్చిన మార్కులు, కనబడనప్పుడు మారిపోయాయి. మనం చెవితో మాత్రమే వినం. ధర, బ్రాండ్, రూపం కూడా మెదడులో కలిసిపోతాయి. ఆ అనుభూతి నిజమే, కానీ దానికి కారణం వైరు కాదు.

ఇప్పుడు రెండో ప్రశ్న. ఇక్కడ మీటర్ గాళ్ళు కొంచెం తగ్గాలి. వాల్వ్ యాంప్లిఫయర్‌లో డిస్టార్షన్ సాధారణంగా ఎక్కువ, ఎల్‌పీ రికార్డులో చిటపటలుంటాయి, అయినా చాలామందికి అవే ఇష్టం. మన హిందూపురం పక్క పల్లెల్లో జాతరకి కట్టే మైకు సెట్టు హారన్‌నే తీసుకోండి. కొలిస్తే బేస్ దాదాపు సున్నా. కానీ దాంట్లో పాట వింటే మా పెద్దాయనకి కళ్ళు మెరుస్తాయి. అది తప్పని ఏ గ్రాఫ్ చెప్తుంది?

మీ చెవిని మీరే పరీక్షించుకోవచ్చు. రెండు వస్తువుల వాల్యూమ్ సరిగ్గా సమానం చేయండి. ఇది ముఖ్యం, ఎందుకంటే కాస్త గట్టిగా వినబడేదే మనకి "బాగుంది" అనిపిస్తుంది. ఫ్రెండ్ నాణెం ఎగరేసి మారుస్తుంటే, మీరు చూడకుండా చెప్పండి. 16 సార్లు చేయండి. 12 లేదా అంతకన్నా ఎక్కువ సరిగ్గా చెప్తే, ఊరికే అదృష్టంతో అలా జరిగే అవకాశం 4 శాతం లోపే. అప్పుడు తేడా ఉందని నమ్మొచ్చు.

ధర్మవరం అన్న అదే చేశాడు. షాపువాళ్ళు రెండు రోజులకి ఇచ్చిన కేబుల్‌ని మామూలు వైరుతో పోల్చాడు. 16లో 9. తర్వాత వేరే స్పీకర్లు పెట్టి చేస్తే 16కి 16! స్పీకర్లు, గది, వాటిని పెట్టే చోటు, వీటితో వచ్చే తేడా చెవికీ తెలుస్తుంది, మీటర్‌కీ తెలుస్తుంది. అన్న కేబుల్ వాపసు ఇచ్చేశాడు. స్పీకర్లు మాత్రం పాతవే ఉంచుకున్నాడు. "గ్రాఫ్ ఎట్లైనా ఉండనీ, నాకు ఇవే ఇష్టం" అన్నాడు. అందులో తప్పేం లేదు, ఎందుకంటే ఆయన ఇప్పుడు తెలిసి ఎంచుకున్నాడు.

ఇక మనలాంటి ఫోన్‌వాళ్ళకి ఒక్క మాట. పెనుకొండ నుంచి హిందూపురం బస్సులో, మామూలు బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌తో వింటున్నారా? ఆ ఫైల్ ఎంత పెద్దదైనా బ్లూటూత్ దాన్ని మళ్ళీ కుదిస్తుంది, మిగతాది ఇంజిన్ మోత మింగేస్తుంది. హై రిజల్యూషన్ ప్లాన్‌కి డబ్బు కట్టే ముందు చెవిలో సరిగ్గా కూర్చునే బడ్ టిప్స్ చూసుకోండి. బయటి మోత తగ్గితే వాల్యూమ్ కూడా తగ్గించొచ్చు, చెవులు పదికాలాలు ఉంటాయి.

ఏది నచ్చాలో మీ ఇష్టం. తేడా ఉందా లేదా అన్నది మాత్రం కళ్ళు మూసుకుని తేల్చుకోండి, ఆ తర్వాతే పర్సు తెరవండి. మళ్ళీ కలుద్దాం, ఉంటాను!