ఛార్జర్ కంటే ముందు మీటర్ బోర్డు చూడండి!

ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు పక్కన 20 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్ ఉందనుకోండి. పది మంది ఎలక్ట్రిక్ కార్లు కొన్నారు. సొంత కనెక్షన్‌తోనే ఇంట్లో ఛార్జ్ చేసుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ 2022 మార్గదర్శకాలే చెప్పాయి. ఒక్కో ఛార్జర్ 3.3 కిలోవాట్లు. రాత్రి అందరూ ఒకేసారి ప్లగ్ పెడితే 33 కిలోవాట్లు! అసోసియేషన్ వాళ్లకు కంగారు పుట్టేది ఇక్కడే.

లెక్క వేస్తే అంత భయం అక్కర్లేదు. రోజుకు 60 కిలోమీటర్లు తిరిగే కారుకు సుమారు 9 యూనిట్లు, అంటే దాదాపు మూడు గంటల ఛార్జింగ్ చాలు. నాలుగేసి కార్లకు వంతులు పెడితే రాత్రి పది నుంచి పొద్దున ఏడులోపు పదీ అయిపోతాయి. లోడు 13.2 కిలోవాట్లు దాటదు. దీన్ని శాంక్షన్డ్ లోడు, కేబుల్ సైజు, ఎర్తింగ్‌తో పోల్చి చూడాలి.

ట్రిపుల్‌ఈ ఫ్రెండ్స్, మీ బిల్డింగ్‌కే ఈ లెక్క కట్టి రెజ్యూమెకు జత చేయండి. ఇంటర్వ్యూలో మాట్లాడ్డానికి కాపీ కొట్టిన ప్రాజెక్టు కంటే ఇదే నయం. బోర్డు మాత్రం మీరు విప్పొద్దు, ఎలక్ట్రీషియన్‌ను వెంటబెట్టుకోండి.