విదేశ మూలధనమును, రైతు పట్టాయును

పరదేశపు సంస్థ మన కఱవుసీమకు మూలధన మేల తెచ్చునని సభ్యులు పలువురు మమ్మడుగుచున్నారు. నీరు, దారి, పనివారు కావలయుననుట నిజమే. వీనితోపాటు ఆ సంస్థ తప్పక విచారించునవి రెండు గలవు: ఈ నేల యెవరిది? తగవు వచ్చినచో మాకు హక్కు నిలుచునా?

దక్షిణ కొరియాకు చెందిన కియా సంస్థ 2017 ఏప్రిలులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వముతో ఒడంబడిక చేసికొని, పెనుకొండ చెంత ఎఱ్ఱమంచియొద్ద సుమారు 110 కోట్ల డాలరుల మూలధనముతో కార్ల కర్మాగారము నెలకొల్పెను. 2019లో కార్లు వెలువడసాగెను. ఏటికి 3 లక్షల కార్లు చేయుట దాని తొలి సంకల్పము. నాడు అనంతపురము జిల్లాలోనుండిన ఆ స్థలము 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలోనున్నది.

ఆ కర్మాగారమునకు వలసిన నేలను ప్రభుత్వమే రైతులయొద్ద సేకరించి యిచ్చినది. కారణమును మనము గ్రహింపవలయును. మన దేశమున దస్తావేజు రిజిష్టరైనంతమాత్రమున హక్కు స్థిరపడదు. అది క్రయము జరిగినదనుటకే సాక్ష్యము. అమ్మినవానికి హక్కు గలదో లేదో కొనువాడే విచారించుకొనవలయును. పెక్కుమంది రైతులయొద్ద అట్లు విచారించుట పరదేశికి దుష్కరము. ప్రభుత్వము నడుమ నిలిచినచో అతని భయము తీరును.

పరదేశికి తీరిన భయము రైతుకు మిగులరాదు. 1894 నాటి చట్టమునకు బదులుగా 2014 జనవరి 1 నుండి అమలైన భూసేకరణ చట్టము ప్రకారము, లెక్కగట్టిన పరిహారమునకు అంతే మొత్తము అదనముగా చేర్చి యీయవలయును. అయితే హక్కు విషయమున వివాదమున్నచో ఆ సొమ్ము రైతు చేతికి రాక, వివాదము తీరువఱకు అధికార సంస్థయొద్ద డిపాజిటుగా నుండును. తాతపేర నిలిచిన పట్టా, అన్నదమ్ములు నోటిమాటగా పంచుకొనిన పొలము, ఇట్టి వివాదములకు మూలములు.

1800 నుండి 1807 వఱకు దత్తమండలములకు ప్రధాన కలెక్టరుగా నుండిన సర్ థామస్ మన్రో, జమీందారుల నడుమ నుంచక, రైతుపేరనే శిస్తు నిర్ణయించు రైత్వారీ పద్ధతిని ఈ సీమలో పాదుకొల్పెను. రైతు పేరు లెక్కలలో నుండుట ఇచ్చట క్రొత్త మాట కాదు. కావున సభ్యులెల్లరును తమ అడంగలును, 1-బి నకలును తీసి చూచుకొనవలయును. చనిపోయినవారి పేరున్నచో వారసులపేర మార్పించుకొనుడు. భాగపంపకమును రిజిష్టరు చేయించుకొనుడు. కర్మాగారము రాకున్నను, సంఘమున అప్పు పుట్టుటకు ఆ కాగితమే ఆధారము.