కారు బెల్టులును చిన్నపిల్లలును

వసంతపంచమి నాడును దసరా నవరాత్రులలోను మన బాసరకు నానా ప్రాంతములనుండి జనులు తమ శిశువులను అక్షరాభ్యాసమునకై తోడ్కొని వచ్చుట చదువరు లెల్లరు నెరిగినదే. రైలునను బస్సులలోను వచ్చువారు పోగా, హైదరాబాదు, నిజామాబాదు, నాందేడు మొదలగు పట్టణములనుండి సొంత కార్లలో వచ్చువారును అనేకులు. పలక పట్టు ఈడు బిడ్డ తల్లి ఒడిలోనో, వెనుక సీటుపై నిలువబడియో ప్రయాణము చేయును. జాగ్రత్తగల తలిదండ్రులు బెల్టు పెట్టుదురు. అది బిడ్డ మెడకు ఒరయుచున్నదని వేరుగ నొక ఉపకరణమును కొని దానికి తగిలింతురు. ఈ రెండవ తెగవారి కొరకే మేమిది వ్రాయుచున్నాము. ఏలయన వారు మేలు చేయబోయి కీడు తెచ్చుకొనుచున్నారు.

ఒడి సంగతి ముందు ముగింతము. గంటకు 50 కిలోమీటర్ల వేగముతో పోవు కారు దేనికైనను కొట్టుకొని సెకనులో పదియవ వంతులో ఆగినచో, 15 కిలోల బిడ్డ రెండు క్వింటాళ్లకు మించిన బలముతో ముందుకు దూకును. నాలుగు బియ్యపు బస్తాల బరువది. ఏ తల్లి చేతులును దాని నాపజాలవు.

ఇక బెల్టు. నేడు కార్లలో నున్న మూడు కొసల బెల్టును 1959లో స్వీడను దేశమందలి వోల్వో కంపెనీలో నీల్స్ బోలిన్ అను ఇంజనీరు రూపొందించెను. దాని కిటుకంతయు ఒక్కటే: దెబ్బ యొక్క బలమును గట్టి యెముకలపై మోపుట. పై పట్టీ భుజము నడుమనుండి రొమ్ము మీదుగ పోవలెను; క్రింది పట్టీ కటి యెముకలను పట్టుకొని తొడల మొదట ఆనవలెను. విద్యార్థులారా, నడుమునకు కొంచెము క్రిందుగ ఇరు ప్రక్కల తడిమి చూడుడు. చేతికి తగులు ఆ యెముక కొనలే క్రింది పట్టీని జారనీయక నిలుపునవి. చిన్నపిల్లలకు ఆ కొనలు ఇంకను సరిగా ఏర్పడి యుండవు. కావున పెద్దల కొలతకు చేసిన బెల్టు వారికి మెడను ఒరయును, పొట్టపైకి ఎక్కును.

ఇచ్చటనే బజారు ఉపకరణములు ప్రవేశించుచున్నవి. వీనిలో మిక్కిలి ప్రచారమందున్నది ముక్కోణపు గుడ్డ తొడుగు. పై పట్టీని క్రింది పట్టీకి చేర్చి బొత్తాములతో బిగింపగా మెడ దగ్గర ఒరపిడి పోవును, బిడ్డ ఏడుపు మానును, తలిదండ్రులు సంతసింతురు. కాని పై పట్టీని క్రిందికి లాగునప్పుడు క్రింది పట్టీ పైకి లేచును గదా! అది తొడలను విడిచి మెత్తని పొత్తికడుపుపై నిలుచును. కారు కొట్టుకొన్నప్పుడు బిడ్డ శరీరము పట్టీ క్రిందుగ ముందుకు జారును, పట్టీ కడుపులోనికి దిగును. ప్రేగులు చినుగుటయు, వెన్నెముక విరుగుటయు ఇట్లే సంభవించును. పై పట్టీ భుజమునుండి జారినందున తలయు ముందునకు మరింత దూరము పోవును. 1994లో అమెరికా ప్రభుత్వపు రహదారి భద్రతా సంస్థవారు పిల్లల కొలత బొమ్మలకు ఇట్టి సాధనములను తగిలించి పరీక్షింపగా, కొన్ని సందర్భములలో బెల్టు యొక్క రక్షణ తగ్గినట్లు తేలెను.

బెల్టును వదులుగ నిలుపు క్లిప్పులును, సీటుతో గాక విడిగ అమ్మబడు దళసరి మెత్తలును ఈ కోవలోనివే. వదులుబెల్టు ఆలస్యముగ పట్టుకొనును; ఆ ఆలస్యమే దెబ్బ.

అన్నిటికంటె సిగ్గుమాలినది వేరొకటి గలదు. బెల్టు పెట్టుకొనకయే హెచ్చరిక మ్రోతను ఆపుటకై బకిలులో దోపు క్లిప్పు అది. 2022 సెప్టెంబరు 4న మహారాష్ట్రలో పాల్ఘర్ చెంత కారు ప్రమాదమున పారిశ్రామికుడు సైరస్ మిస్త్రీ మరణించెను; వెనుక సీటులో నున్న ఆయన బెల్టు పెట్టుకొనలేదు. అటుపిమ్మట, 2023లో, కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇట్టి క్లిప్పుల నమ్మకూడదని అయిదు ఆన్‌లైను వర్తక సంస్థలకు ఉత్తరువులిచ్చెను. 13,118 ప్రకటనలు తొలగింపబడెను. దీనినిబట్టి ఒక వస్తువు అమ్మకమున కున్నంత మాత్రమున అది పరీక్షింపబడినదని నమ్మరాదు.

మరి మెడ ఒరపిడికి ఉపాయమేమి? బెల్టును బిడ్డకు దించుట గాదు, బిడ్డను బెల్టునకు ఎత్తుట. బూస్టరు సీటు చేయు పని యిదియే. నాలుగేండ్లకు లోపలివారికి తమ సొంత పట్టీలుగల పిల్లల సీటు కావలెను. ఆపై సుమారు 145 సెంటీమీటర్ల, అనగా 4 అడుగుల 9 అంగుళముల, ఎత్తు వచ్చువరకు బూస్టరు. ఎత్తు చాలినదో లేదో ఇట్లు తెలియును: వీపు సీటునకు ఆనియుండగా మోకాళ్లు సీటు అంచున వంగి, పాదములు క్రింద మోపబడి, పై పట్టీ భుజము నడుమ నిలువవలెను. కొనునప్పుడు ఐరోపా ప్రమాణపు నారింజరంగు చీటిపై వలయములో ఇ అను ఆంగ్లాక్షరమును, ఆర్ 44 లేక ఆర్ 129 అను గుర్తును చూడవలెను.

2019 నాటి మోటారు వాహనముల సవరణ చట్టము ప్రకారము 14 ఏండ్లు నిండని బిడ్డను బెల్టుతోగాని పిల్లల సీటుతోగాని భద్రపరుపనిచో 1000 రూపాయల జరిమానా. సీటు వెల కొందరికి భారమగునని మేమెరుగుదుము. బూస్టరు కొనలేనివారు ఎదిగిన పిల్లలను వెనుక సీటున కూర్చుండబెట్టి, ఏ తొడుగును లేక బెల్టును బిగించి, క్రింది పట్టీని వీలైనంత క్రిందికి లాగవలెను. పై పట్టీని చంక క్రిందుగను, వీపు వెనుకగను ఎన్నడును పోనీయరాదు. రాత్రి తిరుగు ప్రయాణమున బిడ్డ నిద్రలో ఒరిగి పట్టీనుండి జారును. అప్పుడు కారు నాపి సరిచేయుటకు అయిదు నిమిషములు చాలును.