ఎదురు నీళ్లలో మోటారు నీరసిస్తే

బిడ్డా, బోటు మోటారు ఒక్కసారిగా ఆగిపోతే అందరికీ తెలుస్తుంది. మెల్లమెల్లగా బలం తగ్గుతుంటే మాత్రం నడిపేవాడికి కూడా తెలియదు. ఎందుకు తెలియదో ముందు ఆ లెక్క చెబుతాను, తర్వాత మోటారు దగ్గరికి పోదాం.

మనుషులనూ సామాన్లనూ మోసే బరువు పడవ రెట్టింపు వేగంతో పోవాలంటే రెట్టింపు బలం చాలదు, దాదాపు ఎనిమిది రెట్లు కావాలి. ఇదే లెక్కను తిరగేసి చూడు. మోటారు బలం సగానికి పడిపోయినా వేగం ఐదో వంతే తగ్గుతుంది. గంటకు 10 కిలోమీటర్లు పోయే బోటు 8 కిలోమీటర్లకు వస్తుంది. సోమశిల దగ్గర కృష్ణలో శ్రీశైలం డ్యామ్ వెనక నీళ్లు కదలకుండా ఉన్న రోజుల్లో ఈ తేడా ఎవరూ పట్టించుకోరు. ఆవలి ఒడ్డుకు నాలుగు నిమిషాలు ఆలస్యంగా చేరతారు, అంతే.

అదే మోటారుతో గద్వాల దగ్గర గుర్రంగడ్డకు పోవాల్సి వచ్చిందనుకో. కృష్ణ పాయల నడుమ ఉన్న ఊరది. పైన జూరాల డ్యామ్ గేట్లు ఎత్తారు, ప్రవాహం గంటకు 6 కిలోమీటర్లు ఉంది. మంచి మోటారుతో ఎదురెక్కితే ఒడ్డున నిలబడి చూసేవాడికి బోటు గంటకు 4 కిలోమీటర్లు ముందుకు పోతున్నట్టు కనిపిస్తుంది. బలం సగమైన మోటారుతో రెండే. ప్రవాహం 8కి చేరిందంటే ఇంజను మోగుతూనే ఉంటుంది, బోటు ఉన్నచోటనే ఉంటుంది. నిలువ నీళ్లలో నాలుగు నిమిషాల ఆలస్యంగా కనిపించిన జబ్బు వరదలో ప్రాణం మీదికి తెస్తుంది. అందుకే వానాకాలం కొత్త నీళ్లు రాకముందే మోటారును పట్టి చూడాలని ఇంతగా చెబుతున్నాను.

పట్టి చూడడం చెవితో మొదలవుతుంది. రేజింగ్ పూర్తిగా ఇచ్చినా ఇంజను మోత పెరగక, గుక్క తిప్పుకోలేనట్టు అణిగిపోతుందా? లేక మోత గిర్రున లేచి, బోటు మాత్రం కదలకుండా ఉందా? మొదటిదైతే ఇంజనుకు తిండో, నిప్పో, చల్లదనమో అందడం లేదు. రెండోదైతే ఇంజను బాగానే ఉంది, దాని బలం నీళ్లకు చేరడం లేదు. ఈ ఒక్క ప్రశ్న అడక్కుండా స్పానర్ పట్టేవాడు సగం మోటారును ఉత్త పుణ్యానికి విప్పుతాడు.

అణిగిపోయే మోటారుకు ముందు పెట్రోలు దారి చూడు. మొదట చూడాల్సింది ట్యాంకు మూత మీది గాలి మర. ఎక్కించేటప్పుడు పెట్రోలు ఒలకకుండా బిగిస్తారు, నీళ్లలో దిగాక విప్పడం మరిచిపోతారు. నూనె డబ్బాకు ఒకటే బొక్క పొడిస్తే నూనె గుటక గుటకగా పడుతుంది, ఎదురుగా రెండోది పొడిస్తే ధార కడుతుంది కదా, ట్యాంకులోనూ అంతే. బయటికి పోయిన పెట్రోలు చోటులోకి గాలి రాకపోతే లోపల పీడనం పడిపోతుంది, పంపు ఎంత లాగినా పెట్రోలు రాదు. బోటు పది నిమిషాలు హాయిగా పోయి తర్వాత నీరసిస్తే నాకు మొదటి అనుమానం ఈ మర మీదనే.

తర్వాత గొట్టం మధ్యలో ఉండే రబ్బరు బుడ్డ. మోటారు నీరసించినప్పుడు దాన్ని చేత్తో నొక్కుతూ ఉంటే మళ్లీ బలం వచ్చిందంటే ఇంజనుకు పెట్రోలు చాలడం లేదన్నమాట. పెట్రోలు పంపు డయాఫ్రం చెడి ఉండొచ్చు, గొట్టం కీళ్ల దగ్గర గాలి పీలుస్తూ ఉండొచ్చు. బుడ్డ తనంతట తానే చప్పిడి పడిపోయి కనిపిస్తే అడ్డం దానికీ ట్యాంకుకూ మధ్యన ఉంది. ఖర్చు లేని పరీక్ష ఇది.

పెట్రోల్లో నీళ్ల సంగతి ఇప్పుడు మునుపటికంటే పెద్దది. మనకు బంకుల్లో వచ్చే పెట్రోల్లో ఇరవై శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్ నీటిని తనలో కలుపుకుంటుంది. రోజూ తిరిగే మోటారు సైకిల్‌కు దీనితో పెద్ద చిక్కు లేదు, ట్యాంకు ఎప్పటికప్పుడు ఖాళీ అవుతుంది. బోటు ట్యాంకు సగం నిండి, నది ఒడ్డు తేమలో నెలల తరబడి పడి ఉంటుంది. నీరు ఒక హద్దు దాటాక ఇథనాల్, నీరు కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు దిగుతాయి. పెట్రోలు పీల్చే గొట్టం మొన ఉండేది ఆ అడుగుననే! ట్యాంకు అడుగు నుంచి కొంచెం పెట్రోలు తీసి గాజు సీసాలో పోసి కాసేపు ఉంచితే కింద వేరే పొర కనిపిస్తుంది. పొర కనిపించిందా, ఆ పెట్రోలు మొత్తం తీసేయాల్సిందే. మోటారును కొన్నాళ్లు పక్కన పెట్టేముందు కార్బొరేటర్ గిన్నెలోని పెట్రోలు కూడా వంపేయాలి. లేకపోతే అది ఎండి, జిగురై, జెట్ల సన్నటి బెజ్జాలను మూసేస్తుంది.

నిప్పు విషయం చిన్నదే. రెండు సిలిండర్ల మోటారులో ఒక ప్లగ్గు చచ్చిపోయినా ఇంజను తిరుగుతూనే ఉంటుంది, బలం మాత్రం సగానికంటే తక్కువ. ప్లగ్గులు విప్పి చూస్తే మండని సిలిండర్‌ది తడిగా ఉంటుంది. టూ స్ట్రోక్ మోటార్లలో చాలావాటికి 50 లీటర్ల పెట్రోలుకు లీటరు ఆయిలు, అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు. ‘ఇంజనుకు మంచిది’ అని ఎక్కువ పోస్తే ప్లగ్గు నల్లగా మసిబారి అదే చస్తుంది.

ఇక చల్లదనం. ఈ మోటారుకు రేడియేటర్ లేదు, నదే దాని రేడియేటర్. మోటారు కాలి లోపల ఒక రబ్బరు రెక్కల చక్రం నీళ్లను పైకి తోడుతుంది. ఆ నీళ్లు పారుతున్నాయని చెప్పడానికే వెనక నుంచి సన్నటి ధార పడుతూ ఉంటుంది. స్టార్టు చేయగానే చూపు ఆ ధార మీదికి పోవాలి. వానాకాలం కృష్ణ నీళ్లలో ఒండ్రు, సన్న ఇసుక ఎక్కువ. అవి రబ్బరు రెక్కలను అరగదీస్తాయి. నాచు, ప్లాస్టిక్ కవర్లు నీళ్లు పీల్చే జాలీకి అతుక్కుంటాయి. నీళ్లు లేకుండా ఒడ్డు మీద కొద్దిసేపు నడిపినా రబ్బరు కాలిపోతుంది. ఇప్పటి ఫోర్ స్ట్రోక్ మోటార్లు చాలావరకు వేడెక్కితే తమను కాపాడుకోవడానికి తామే వేగం తగ్గించుకుంటాయి. నడిపేవాడు దాన్ని బలం పోవడమనుకుని ఇంకా రేజింగ్ ఇస్తాడు. అలారం కూస్తుంటే అసలే ఇవ్వొద్దు.

ఇప్పుడు రెండో రకం, మోత లేచి బోటు కదలనిది. ప్రొపెల్లర్ నడుమ ఒక రబ్బరు బుష్షు ఉంటుంది. రెక్క రాయికి తగిలినప్పుడు గేర్లు విరగకుండా అది ఆ దెబ్బను తింటుంది. వేసవిలో శ్రీశైలం నీళ్లు దిగి సంగమేశ్వరం గుడి బయటపడే రోజుల్లో నీళ్ల కింది రాళ్లు, మోడులు పైకి దగ్గరవుతాయి. అలా రెండు మూడు దెబ్బలు తిన్న బుష్షు జారడం మొదలుపెడుతుంది. మెల్లగా పోతే పట్టు ఉంటుంది, బలం పెట్టగానే జారుతుంది. ప్రొపెల్లర్ లోపలి గొట్టం మీది నుంచి బయటి భాగం దాకా రంగుతో ఒక అడ్డగీత గీయి. ఒకసారి గట్టిగా తిప్పి వచ్చి చూడు. గీత రెండు ముక్కలై పక్కకు జరిగితే జబ్బు దొరికినట్టే.

రెక్కలు వంకరపోతే ఇంకో వింత జరుగుతుంది. రెక్క ఒక వైపు పీడనం బాగా పడిపోతుంది. 25 డిగ్రీల నీళ్లు మామూలు గాలి పీడనంలో ముప్పయ్యో వంతు దగ్గర మరుగుతాయి. అంటే పొయ్యి లేకుండానే, చల్లటి నదిలోనే, రెక్క మీద నీళ్లు మరిగి ఆవిరి బుడగలవుతాయి. ఆ బుడగలు పేలినచోట లోహం కూడా గుంటలు పడుతుంది. నాకు ఇందులో అన్నిటికంటే ఆశ్చర్యంగా తోచేది ఇదే. మోటారును మరీ ఎత్తులో బిగిస్తే వేరే సంగతి, అప్పుడు రెక్కలు పైనుంచి మామూలు గాలినే పీలుస్తాయి. ప్రొపెల్లర్ పైన ఉండే బల్లపరుపు రేకు పడవ అడుగుకు సమంగా ఉండాలి. జనమంతా ముందుకు జరిగి కూర్చుంటే వెనక భాగం లేచి ఇదే గాలి సమస్య వస్తుంది.

జనం మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. మోటారులో ఏ లోపమూ లేకపోయినా బరువు పెరిగితే నీరసించినట్టే ఉంటుంది. దాన్ని బాగు చేయడానికి మెకానిక్ అక్కర్లేదు, మనుషులను దించాలి. 2007 జనవరిలో సింగోటం జాతరకు వస్తున్న వాళ్లతో మంచాలకట్ట దగ్గర కృష్ణలో పడవ మునిగి అరవై మంది దాకా చనిపోయారు. ఇక్కడ నది దాటించే ఎవరికైనా ఈ సంగతి తెలిసి ఉండాలి.

నడి నదిలో బలం తగ్గితే ఏం చేయాలంటావా? రేజింగ్ తగ్గించు, ఇంజను ఆపకు. నీటి ధార చూడు, గాలి మర చూడు, ఎవరినైనా బుడ్డ నొక్కమను. ధార ఆగిపోయి ఉంటే మాత్రం లంగరు వేసి ఇంజను ఆపి, మోటారు ఎత్తి జాలీ శుభ్రం చేయాలి. ప్రవాహం మీద గెలవాలని చూడొద్దు. పడవ ముక్కును ఎగువకే ఉంచి, కొంచెం ఒడ్డు వైపు వాల్చితే ఉన్న కాస్త బలంతోనే నీళ్లు బోటును పక్కకు, ఒడ్డుకు నెడతాయి. ఎక్కిన రేవులో కాకుండా కిలోమీటరు దిగువన తేలినా ఫరవాలేదు, అక్కడి నుంచి నడిచి రావచ్చు.