రాగిని తినే తగరం

గత నెల వచ్చిన ఉత్తరాల్లో ఒకటి నన్ను వదలడం లేదు. ఇంటర్ చదివే అబ్బాయి ఒకడు తన ప్లేస్టేషన్ 4 కంట్రోలర్‌లో అరిగిపోయిన అనలాగ్ స్టిక్ పీకేసి, దాని స్థానంలో హాల్ ఎఫెక్ట్ స్టిక్ వేద్దామని కూర్చున్నాడు. "సోల్డరింగ్ ఐరన్ మొన మీద సోల్డర్ కరిగించి, ఆ బొట్టు తెచ్చి స్టిక్ కాలి మీద పెడుతున్నాను సార్. గుండులా చుట్టుకుని దొర్లిపోతోంది. కాలికీ అంటదు, బోర్డుకీ అంటదు. జిగురు తక్కువున్న సోల్డర్ కొన్నానా?" అని అడిగాడు.

స్టిక్ సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. పాత స్టిక్‌లో కార్బన్ పట్టీ మీద లోహపు పలక రాసుకుంటూ తిరుగుతుంది, ఏళ్ళు గడిస్తే పట్టీ అరుగుతుంది, ఎవరూ తాకకపోయినా తెర మీద బొమ్మ పక్కకు జరుగుతుంది. కొత్తదాంట్లో అయస్కాంతం, దాన్ని దూరం నుంచే పసిగట్టే సెన్సర్ ఉంటాయి. రాపిడి లేదు కనుక ఆ అరుగుదల లేదు. మార్చాలంటే పద్నాలుగు కాళ్ళ సోల్డర్ తీసి, మళ్ళీ పద్నాలుగు వేయాలి.

నన్ను పట్టుకున్నది మాత్రం ఆ 'జిగురు' అన్న మాట. సోల్డర్ జిగురే అనుకునేవాళ్ళు చాలామంది. ముప్పై ఏళ్ళుగా రేడియోలు బాగుచేస్తున్న మెకానిక్ కూడా అదే మాట అనడం విన్నాను. అది జిగురు కాదు. అక్కడ ఒక కొత్త పదార్థం పుడుతుంది.

తామరాకు మీద నీటిబొట్టు ఎందుకు గుండ్రంగా నిలుస్తుంది? నీటి అణువులు ఆకు కంటే తమలో తామే ఎక్కువగా లాక్కుంటాయి కాబట్టి. కరిగిన తగరానికి ఆ పట్టుదల నీటికంటే ఏడెనిమిది రెట్లు ఎక్కువ. అందుకే గుండుగా మారడమే దానికి సహజం. అది పరుచుకోవాలంటే కింద ఉన్న లోహం అంతకంటే బలంగా లాగాలి. శుభ్రమైన రాగి అలా లాగగలదు. ద్రవం అంచు ఉపరితలంతో చేసే కోణం చూసి ఈ పెనుగులాటలో ఎవరిది పైచేయో చెప్పవచ్చని 1805లోనే థామస్ యంగ్ వివరించాడు. మంచి అతుకు అంచు బోర్డులోని రాగి ప్యాడ్ మీదికి పలచగా జారి ఉంటుంది. చెడ్డది గోళీలా ఉబ్బి కూర్చుంటుంది.

చిక్కేమిటంటే, గాలి తగిలిన రాగి మీద ఆక్సైడ్ పొర కడుతుంది. ఆ పొర ఉన్నంతసేపూ తగరానికి రాగి కనబడనే కనబడదు. దాన్ని తొలగించడానికే ఫ్లక్స్. ఎలక్ట్రానిక్స్‌కి అమ్మే సోల్డర్ తీగ సాధారణంగా బోలుగా ఉంటుంది, కడుపులో పైన్ చెట్టు జిగురు నుంచి తీసిన రోజిన్ నింపి ఉంటుంది. చూశారా, జిగురు నిజంగానే ఉంది, కానీ దాని పని అంటించడం కాదు, కడగడం! చల్లగా ఉన్నప్పుడు ఇది ఎవరి జోలికీ పోదు. వేడెక్కి కరిగితే అందులోని అబియెటిక్ ఆమ్లం ఆక్సైడ్‌ను కరిగించేస్తుంది, రాగిని గాలి తగలకుండా కప్పి ఉంచుతుంది.

ఊళ్ళలో ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవాళ్ళు చేసేదీ ఇదే. గిన్నెను నిప్పుల మీద కాల్చి, చిటికెడు నవాసారం చల్లుతారు, తెల్లటి పొగ గుప్పుమంటుంది. తగరం ముక్క తాకించి దూదితో ఒక్క తిప్పు తిప్పితే గిన్నె లోపలంతా వెండిలా మెరుస్తుంది. నవాసారం చల్లకుండా రుద్దితే తగరం గుండ్లు గుండ్లుగా దొర్లుతుంది, అచ్చం మన అబ్బాయి కంట్రోలర్‌లో లాగే.

రాగి బయటపడ్డ మరుక్షణం నుంచి జరిగేదే నాకు అన్నిటికంటే ఇష్టం. తగరం రాగిని తింటుంది. కరిగిన తగరంలోకి రాగి పరమాణువులు దిగుతాయి. ఆరు రాగి, ఐదు తగరం పాళ్ళలో రెండూ కలిసి కొత్త సమ్మేళనమవుతాయి. దాని మందం మైక్రాన్లలోనే, తలవెంట్రుకలో ఎన్నో వంతో! అతుకు అంటే నిజానికి ఆ పొరే. 63 పాళ్ళ తగరానికి 37 పాళ్ళ సీసం కలిపితే 183 డిగ్రీలకే కరుగుతుంది, తేలిగ్గా పరుచుకుంటుంది కూడా. కానీ రాగితో సమ్మేళనం కట్టే పనిలో సీసానికి పాత్రే లేదు.

తగరం తింటుందనడానికి సాక్ష్యం కావాలంటే పాత సోల్డరింగ్ ఐరన్‌కు ఉండే రాగి బిట్ చూడండి. వాడిన కొద్దీ మొన గుంటలు పడి అరిగిపోయేది, మెకానిక్‌లు ఆకురాయితో రుద్ది మళ్ళీ మొన తెచ్చేవారు. ఇప్పటి బిట్లకు రాగి మీద ఇనుప పూత ఉంటుంది, ఇనుమును తగరం చాలా నెమ్మదిగా తింటుంది. పాత అలవాటుతో దీన్నీ రుద్దితే పూత పోయి బిట్ పాడవుతుంది. నల్లబడితే తడి స్పాంజితో తుడిచి, కాస్త సోల్డర్ పూస్తే చాలు.

ఇక అతుకుల గురించి తప్పుగా అనుకున్న పెద్ద కథ ఎక్స్‌బాక్స్ 360ది. 2005లో వచ్చిన ఆ యంత్రం మూడు ఎర్ర దీపాలు వెలిగించి ఆగిపోయేది. 2007లో మైక్రోసాఫ్ట్ వారంటీని మూడేళ్ళకు పెంచి, అందుకు వంద కోట్ల డాలర్లకు పైగా కేటాయించాల్సి వచ్చింది. జనం దాన్ని తువ్వాలులో చుట్టి వేడెక్కించేవారు, కొన్నిసార్లు కొన్నాళ్ళు పనిచేసేది కూడా. చిప్‌కీ బోర్డుకీ మధ్య సోల్డర్ ఊడిందనీ, వేడికి మళ్ళీ అతుక్కుందనీ అందరూ నమ్మారు. సీసం లేని, 217 డిగ్రీలకు గానీ కరగని ఆ సోల్డర్ తువ్వాలు వేడికి ఎలా కరుగుతుంది? ఆన్ చేసినప్పుడు వేడెక్కి, ఆఫ్ చేసినప్పుడు చల్లారి, భాగాల లోపలి సంధులే విరిగాయని 2021లో ఆ సంస్థవాళ్ళే ఒక డాక్యుమెంటరీలో చెప్పారు.

పని సలహాలు అడుగుతారు కనుక నాలుగు మాటలు. ముందు కంట్రోలర్ బ్యాటరీ తీసేయండి. ఫ్యాక్టరీ సోల్డర్‌లో సీసం ఉండదు, ఎక్కువ వేడికి గానీ కరగదు. దాని మీద కాస్త సీసం సోల్డర్ కలిపితే తేలిగ్గా వస్తుంది. గ్రౌండ్ కాళ్ళు మొండికేస్తే తప్పు మీది కాదు, వాటి వెనకున్న రాగి పరుపు వేడినంతా లాగేసుకుంటుంది. అక్కడ సన్నమొన బిట్ కాదు, వెడల్పు బిట్ పెట్టండి. ఎక్కువసేపు కాల్చితే ఆ రాగి-తగరం పొర మందమై పెళుసెక్కుతుంది, ప్యాడ్ కూడా లేచిపోతుంది. పొగలో ఉండేది సీసం కాదు, రోజిన్. అయినా అది ఊపిరితిత్తులకు చెడ్డది, కిటికీ తీయండి. సీసం చేతుల నుంచి నోటికి చేరుతుంది, పని కాగానే సబ్బుతో కడుక్కోండి.

ఉత్తరం రాసిన అబ్బాయికి: నీ సోల్డర్ మంచిదే. ఐరన్ మొన మీద కరిగించి మోసుకొచ్చేలోపే అందులోని రోజిన్ కాలిపోతోంది. బిట్‌తో కాలునూ ప్యాడ్‌నూ కలిపి రెండు సెకన్లు వేడిచేసి, అప్పుడు తీగను అక్కడే, కాలికి తాకించు. తీగ ముందు తీసి, బిట్ తర్వాత తియ్యి. కంట్రోలర్ జోలికి వెళ్ళే ముందు ఏదైనా పాడైపోయిన రేడియో బోర్డు మీద యాభై అతుకులు వెయ్యి.